వెనక పేజీల ఎల్లాజీ

జగన్నాధం రాసిన దస్తావేజును మొదటిసారి చూసినవాళ్ళు అది అచ్చు అనుకునేవారు. ఆమదాలవలస రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల చావడిలో నలుగురు లేఖర్లు కూర్చునేవారు. మిగతా ముగ్గురి దగ్గరా పని తొందరగా అయిపోయేది. అయినా రైతులు గంటలకొద్దీ జగన్నాధం ముందే గొంతుక్కూర్చునేవారు. తమ పొలం చెక్క నాలుగు హద్దులూ అంత అందమైన అక్షరాల్లో పడితే ఆ భూమి మరికాస్త తమదైనట్టు ఉండేదేమో.

నేను పక్కనే పోస్టాఫీసులో గుమాస్తాను. పేరు సోమేశ్వరరావు. ఊళ్ళో సోములు అంటేనే తెలుస్తుంది. మధ్యాహ్నం అన్నం క్యారియరు పట్టుకుని జగన్నాధం బల్ల దగ్గరికే పోయేవాణ్ణి. మా ఇద్దరికీ కలిసింది ఒక్కటే, సినిమా పాటలు. అందులోనూ ఒకే ఒక్క మనిషి పాటలు.

ఆ మనిషి దూసి వాసుదేవరావు. ఈ పేరు మీరు విని ఉండరు. మద్రాసులో అప్పటికి ఆయన సంగీతం చేసినవి తొమ్మిది సినిమాలు, అందులో ఆరు రెండు వారాలైనా ఆడలేదు. పెద్ద పెద్ద సంగీత దర్శకుల గురించి వారపత్రికలు పేజీలకి పేజీలు రాసేవి. వాసుదేవరావు గురించి మూడేళ్ళలో రెండు ముక్కలు వచ్చాయి, ఒకదాన్లో ఇంటిపేరు తప్పు వేశారు. ఆ తప్పు చూసిన రోజునే జగన్నాధం అన్నాడు, "ఇంక మనమే రాయాల సోములూ."

అలా 1967 దసరాకి 'వాసుదేవ స్వరం' మొదలైంది. చేత్తో రాసిన పత్రిక, ఒకటే ప్రతి. నిలువు కాగితాలు అరవై, ఎర్ర గుడ్డ బైండు. వాసుదేవరావు ఫోటో వారపత్రికలోంచి కత్తిరించి మైదా జిగురుతో అంటించాడు. పాటల మీద వ్యాసాలు, ఏ పాటకి ఏ రాగమో పట్టిక, ఆయన జీవిత చరిత్ర మొదటి భాగం, అన్నీ జగన్నాధమే రాశాడు. అట్ట లోపలివైపు పధ్నాలుగు మంది పాఠకుల పేర్లు వరసగా ఉండేవి. ఒకరు చదివి తరవాతి వాళ్ళకి పంపాలి. రాజాం బడిపంతులు ఎర్రన్న గారు, గజపతినగరంలో కాంపౌండరు, స్టేషన్లో పార్సిలు గుమాస్తా, ఇలాంటి వాళ్ళం. పుస్తకం బస్సు డ్రైవర్ల చేతుల్లోనూ రైలు గార్డుల చేతుల్లోనూ ఊళ్ళు తిరిగి రెండు నెలలకి మళ్ళీ చావడికి చేరేది.

చివర ఎనిమిది తెల్లకాగితాలు ఉండేవి. వాటి పైన 'పాఠకుల అభిప్రాయములు' అని శీర్షిక. మొదటి సంచిక తిరిగొచ్చినప్పుడు ఆ ఎనిమిదీ జగన్నాధం మెప్పుతో నిండిపోయాయి. నలుగురైదుగురు దస్తూరినే పొగిడారు. ఆయన ఆ పేజీలు నాకు రెండుసార్లు చదివి వినిపించి, ఇంటికి తీసుకుపోయి పెళ్ళాం లక్ష్మీనరసమ్మకి కూడా వినిపించాడు. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ విని, "మంచిదే. పోనీ మద్రాసు పంపిస్తారా దాన్ని?" అందట. ఆయన మనసులో ఉన్నదీ అదే. కాకపోతే పుస్తకం ఇంకా బాగా కుదిరాక పంపుదామని ఆగాడు.

ఎల్లాజీ వచ్చింది ఆ మరుసటి ఏడు ఫిబ్రవరిలో. కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. ఎండుచేపల గంపలతో వారం వారం సంతకి వచ్చేవాడు. ఇంటి స్థలానికి కాగితం రాయించుకోవాలని ఆ రోజు జగన్నాధం ముందు కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, అయిదో తరగతి దాకా చదివాడు. తన వంతు వచ్చేలోపల బల్ల మీద ఎర్ర బైండు పుస్తకం కనపడింది.

"బాబూ, ఇది సదవొచ్చా?" అన్నాడు.

అది రెండో సంచిక. జగన్నాధం నవ్వి ఇచ్చాడు. ఎల్లాజీ పెదాలు కదుపుకుంటూ చదవడం మొదలుపెట్టి తన వంతు వచ్చినా లేవలేదు. వెనకవాళ్ళని ముందుకి పొమ్మన్నాడు. మూడున్నరకి తలెత్తి, "ఎనకాల రాసుకోమని ఉన్నాది. నాను కూడా రాయొచ్చా?" అని అడిగాడు. జగన్నాధం తన కలమే ఇచ్చాడు. ఎల్లాజీ పేజీన్నర రాసి, కలం తుడిచి ఇచ్చి, కాగితం రాయించుకుని పోయాడు.

సాయంత్రం నేను వెళ్ళేసరికి జగన్నాధం ఆ పేజీన్నర చూసి నవ్వుతున్నాడు. "చూడు, 'తబల' అన్న మాటని మూడు చోట్ల మూడు రకాలుగా రాశాడు." నేను తీసుకుని చదివాను. నవ్వు రాలేదు.

వాసుదేవరావుది పడవ మీద పెళ్ళికూతురు పాడే పాట ఒకటుంది. ఎల్లాజీ దాని గురించి రాశాడు. అందులో రెండో చరణంలో మోగేది తబలా కాదట, మట్టికుండట, అందులో నీళ్ళున్నాయట. ఒట్టి కుండయితే మోత అలా గుండ్రంగా రాదట. ఇంకో మాట కూడా రాశాడు. నాకు ఇప్పటికీ నోటికొచ్చు. 'మేము ఒడ్డునించి పెద వల లాగినప్పుడు ఒక లాగు లాగి ఒక అడుగు ఎనక్కి ఏస్తాము. అడుగు ఏసినప్పుడు నోరు మూసుకుంటాము. ఈ పాటలో ఆ మూసుకున్న నోరు ఉన్నాది. ఈ బాబుకి ఎవులు సెప్పినారో.'

ఆ ఆదివారం రేడియోలో ఆ పాట వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. కుండే. పల్లవి తిరిగి వచ్చేముందు తాళం ఒక చోట గుక్క మింగినట్టు ఆగుతుంది. వందసార్లు విన్న పాటలో ఆ ఖాళీ ఉన్నట్టు నాకు తెలీదు. పుస్తకం నా వంతుకి రాగానే ఎల్లాజీ రాసిన దాని కింద నేను రాశాను, 'ఇది నిజం. పాట విని చూశాను. ఈ సంచికలో అన్నిటికంటే బాగున్నది ఇదే.'

ఆ చివరి వాక్యం రాయకుండా ఉంటే సరిపోయేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

నా తరవాతి పాఠకులు నా వాక్యం చూసి ఎల్లాజీ పేజీలు వెతుక్కుని చదివారు. ఎర్రన్న పంతులు గారు ఏకంగా, 'ఎల్లాజీ అను వారు ప్రతి సంచికకు రాయవలెనని మనవి' అని రాశారు. మూడో సంచికకి వాళ్ళ కోరిక ప్రకారం పుస్తకం ఎల్లాజీకి కూడా ఇవ్వడం మొదలైంది. అతను ఈసారి రెండు పేజీలు రాశాడు. ఒక విషాద గీతంలో వయొలిన్లు ఎందుకు తక్కువగా ఉన్నాయో రాశాడు. ఇంట్లో మనిషి పోయినప్పుడు మొదటి గంట ఎవరూ గట్టిగా ఏడవరని, అది తెలిసినవాడే అలా చేస్తాడని.

సంచిక తిరిగొచ్చాక జగన్నాధం దాన్ని పక్కనించి చూశాడు. ముందరి యాభై కాగితాల అంచులు తెల్లగా, రాసిననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వెనక పేజీల మూలలు మాత్రం వేళ్ళ జిడ్డుతో నల్లబడి పైకి ముడుచుకున్నాయి. ఈ మాట ఆయనే చాలా ఏళ్ళకి నాతో చెప్పాడు.

నాలుగో సంచికలో కొత్త నిబంధన వచ్చింది. 'అభిప్రాయములు నాలుగు పంక్తులకు మించరాదు.' పాత సంచికల్లో ఎల్లాజీ రాసినవాటి మీద ఎర్ర సిరా కూడా పడింది. ప్రతి 'ఉన్నాది' మీదా కొట్టివేత, పైన 'ఉన్నది'. ఎల్లాజీ ఆ ఎర్రగీతలు చూసి, "బాబు నా కోసం ఇంత తీరిక సేసుకున్నారా" అన్నాడు. ఆ మాటలో వెటకారమేమీ లేదు. నాలుగు పంక్తులన్నారు కనక ఆ కుండ సంగతీ, వల సంగతీ మళ్ళీ నాలుగే పంక్తుల్లో రాశాడు. ఆ నాలుగూ అంతకుముందు రాసిన రెండు పేజీలకంటే బాగున్నాయి.

ఇంట్లో కూడా ఆ పేరే. జగన్నాధం అన్నం దగ్గర ఎల్లాజీ తప్పులు ఏకరువు పెట్టేవాడు. సరళీస్వరాలు రావు, రాగం పేరు చెప్పలేడు, ఒత్తులు తెలీవు. ఒకరోజు లక్ష్మీనరసమ్మ పులుసు వడ్డిస్తూ అంది, "మీకు ఆడి మీద కుళ్ళు."

"ఎండుచేపలు అమ్ముకునేవాడి మీద నాకు కుళ్ళేటి?"

"అదేటో నాకు తెలీదు. రోజూ ఆడి పేరెత్తకుండా ముద్ద దిగడం లేదు మీకు."

ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ మాట నిజమని ఆయనకి అప్పుడే తెలుసు.

ఇక ఆగకూడదనుకుని 1968 అక్టోబరులో నాలుగో సంచికని మద్రాసు పంపాడు. వాసుదేవరావు జీవిత చరిత్ర అందులో పూర్తయింది, నలభై పేజీలు. ఇది చూస్తే ఆయన తప్పకుండా జవాబు రాస్తాడని, ఎవరేంటో అప్పుడు తేలిపోతుందని జగన్నాధం నమ్మకం. రిజిస్టరు పార్సిలుకి ముద్రవేసింది నేనే. నవంబరు రెండో వారంలో పార్సిలు తిరిగొచ్చింది, అందించిందీ నేనే. మర్నాడు అడిగితే, "పుస్తకం పంపేశారు. ఉత్తరమేం లేదు" అన్నాడు. పెద్దవాళ్ళకి తీరికెక్కడిదని నేనూ ఊరుకున్నాను.

ఉత్తరం ఉంది. పుస్తకం మధ్యలో మడిచి పెట్టి ఉంది. ఇంగ్లీషులో టైపు చేసింది, కింద తెలుగులో సంతకం. పైన పేరు జగన్నాధానిది కాదు.

ఆయన దాన్ని ఇంట్లో పెట్టె అడుగున, పాత దస్తావేజు నకళ్ళ మధ్య పెట్టాడు. చింపడానికి చెయ్యి రాలేదట. వాసుదేవరావు సంతకం ఉన్న కాగితం మరి.

ఎల్లాజీ సంతకి వచ్చినప్పుడల్లా చావడి దగ్గర ఆగేవాడు. "ఏటైనా రాసినారా బాబూ ఆయన?"

"లేదు."

మూడోసారి అడిగి లేదనిపించుకున్నాక ఎల్లాజీ గంప దించుకుని కూర్చున్నాడు. "నాకు ఒకటి తోస్తన్నాది బాబూ. నాను రాసిన పిచ్చి రాతలు సూసి ఆయనకి కోపం వొచ్చుంటాది. కుండా గిండా అని. తమరు అంత బాగా రాసిన పుస్తకాన్ని నాను పాడుసేసినాను. ఇంక రాయను. వొట్టినే సదువుకుంటాను."

జగన్నాధం కాదనలేదు. ఆ పూట చాలా తేలిగ్గా అనిపించిందని తరవాతెప్పుడో నాతో ఒప్పుకున్నాడు. ఇంటికెళ్ళి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడట.

అయిదో సంచిక ఎల్లాజీ రాత లేకుండా తిరిగింది. జనవరిలో తిరిగొచ్చింది. చావడిలో నేనుండగానే దాన్ని తెరిచాడు. తెరవడం తెరవడమే వెనకవైపు. 'బాగున్నది.' 'చాలా బాగున్నది.' 'గత సంచికవలెనే బాగున్నది.' ఎర్రన్న పంతులు గారు ఒక్క ప్రశ్నే రాశారు, 'ఎల్లాజీ గారికి ఒంట్లో కులాసాయేనా?' జగన్నాధం ఆ ఎనిమిది కాగితాలూ ఒకటికి రెండుసార్లు తిప్పాడు. ఏదో పారేసుకున్నవాడిలా ఉన్నాడు. ఆ సంచికలో కొత్త సినిమా పాటల మీద ఇరవై పేజీలు రాశాడు. అవి నిజంగా బాగున్నాయో లేదో చెప్పగల మనిషి ఆ పధ్నాలుగు మందిలో లేడని, ఆ మనిషిని తనే తోలేశాడని ఆ పూట ఆయనకి అర్థమైంది.

పుస్తకం మూసి, "సోములూ, ఉత్తరం వచ్చింది. నవంబర్లోనే" అన్నాడు.

నేను ఆయన్ని తిట్టాను. ఏమేం అన్నానో ఇక్కడ రాయను.

సంత రోజున ఎల్లాజీని చావడిలో కూర్చోబెట్టాడు. నేనూ ఉన్నాను. ఎల్లాజీకి ఇంగ్లీషు రాదు, జగన్నాధమే తెలుగు చేసి చదవాలి. మొదటి మాటని ఆయన రెండుసార్లు మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఒరే అని పిలిచిన మనిషిని ఆ కాగితం 'శ్రీ ఎల్లాజీ గారికి' అంటోంది.

"శ్రీ ఎల్లాజీ గారికి. పుస్తకం అందింది. మీరు రాసింది నిజమే. అది మట్టికుండ. సగానికి కాస్త తక్కువగా నీళ్ళు పోయించాను. ఆ సంగతి నా వాద్యగాళ్ళకే ఇప్పుడు గుర్తులేదు. రేడియోలో అది వినపడుతుందని నేననుకోలేదు. వల లాగే వరస చిన్నతనంలో భీమిలిలో విన్నాను. ఎక్కడ విన్నానో మర్చిపోయాను, మీ రాత చూశాక జ్ఞాపకం వచ్చింది." జగన్నాధం ఇక్కడ ఆగి నీళ్ళు తాగాడు. తరవాతి వాక్యం వదిలేసినా ఎల్లాజీకి తెలిసే దారి లేదు. నాకూ ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయన వదల్లేదు. "డిసెంబరు పదకొండు, పన్నెండు తేదీల్లో రెండు కొత్త పాటలు రికార్డు చేస్తున్నాం. రాగలిగితే వచ్చి కూర్చుని వినండి. మీ మాట నాకు పనికొస్తుంది. పుస్తకాన్ని శుభ్రంగా నకలు రాసిన వారికి నా ధన్యవాదాలు."

నకలు రాసినవారు. నలభై పేజీల జీవిత చరిత్ర రాసిన మనిషి ఆ మాట తన నోటితోనే పైకి చదివాడు.

ఎల్లాజీ వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుని అడిగాడు, "ఆ దినాలు అయిపోనాయి కదా బాబూ?"

"అయిపోయాయి."

"ఇది ఎప్పుడొచ్చినాది?"

"నవంబర్లో. నేనే దాచాను."

ఎల్లాజీ కాగితం తీసుకుని సంతకం మీద వేలు పెట్టి చూశాడు. "పోన్లెండి. ఆ దినాలకి నాను బరంపురంలో ఉన్నాను, సరుకు తోటి. ఎలాగా ఎల్లలేకపోదును." ఉత్తరం బనీను లోపల పెట్టుకుని, గంపెత్తుకుని పోయాడు.

తరవాత నాలుగు సంతలకి రాలేదు. గంప వాళ్ళ పల్లెవాళ్ళే తెచ్చేవారు. అయిదో వారం జగన్నాధం, నేను శ్రీకాకుళం పోయి అక్కడినించి కళింగపట్నం బస్సెక్కాం. పల్లెలో వాళ్ళ ఇల్లు చూపించారు. వాకిట్లో ఎల్లాజీ తల్లి తాతమ్మ చేపలు ఆరబెడుతోంది. కొడుకు ఒడ్డున ఉన్నాడని చెప్పి, కూర్చోమని పీట వేసింది.

జగన్నాధం మాటవరసకి అడిగాడు, "మొన్న డిసెంబరు రెండో వారం, ముసురు రోజుల్లో ఎల్లాజీ బరంపురం ఎళ్ళాడట కదమ్మా, బాగా జరిగిందా?"

"ఏ బరంపురం బాబూ? ముసురుకి పది దినాలు పడవలే దిగలేదు. ఇంటికాడే వలలు బాగుసేసుకుంటా కూకున్నాడు. ఊసుపోక ఆ రేడియో తిప్పుకుంటా."

జగన్నాధం పీట మీంచి లేచాడు. ఇద్దరం ఒడ్డుకి నడిచాం. అక్కడ పాతికమంది పెద వల లాగుతున్నారు, మధ్యలో ఎల్లాజీ. ఒక లాగు, ఒక అడుగు వెనక్కి. అడుగుతోపాటు పాతిక నోళ్ళూ మూతపడుతున్నాయి. ఆ పాట మీద జగన్నాధం మూడు వ్యాసాలు రాశాడు. ఆ వల లాగడం మటుకు అప్పుడే మొదటిసారి చూశాడు. వల ఒడ్డుకి చేరేదాకా ఇద్దరం ఇసకలో నిలబడ్డాం.

ఎల్లాజీ చేతులు కడుక్కుని వచ్చాడు. జగన్నాధం సూటిగా అడిగాడు, "నా మీద కోపంగా ఉందా?"

"ఉన్నాది బాబూ. లేదని ఎందుకు సెప్పాల?"

"మరి బరంపురం అని ఎందుకన్నావు?"

"తమరి మొకం సూసి అన్నాను."

జగన్నాధం, "పత్రికకి నువ్వు రాయాలి. తప్పు నాదే. ఏం చెయ్యమంటే అది చేస్తాను" అన్నాడు.

ఎల్లాజీ ఆలోచించుకున్నాడు. "రాస్తాను. ఎనక పేజీల్లో మాత్రం రాయను. ముందు పేజీల్లో రాస్తాను. నా సేత్తో రాస్తే అక్షరాలు బాగోవు. నాను సెప్తాను, తమరు రాయండి. నాను ఎలగ సెప్తే అలగ. ఎర్ర సిరా ముట్టుకోవద్దు."

జగన్నాధం ఒప్పుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "మంచితనంలో కూడా వాడే ముందున్నాడు, సోములూ. అదైనా నాకు మిగల్చలేదు" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆరో సంచిక 1969 ఏప్రిల్లో వచ్చింది. మొదటి పన్నెండు పేజీలు ఎల్లాజీవి, పేరు పెద్ద అక్షరాల్లో. సంత అయ్యాక ఎల్లాజీ చావడిలో కూర్చుని చెబుతుంటే జగన్నాధం రాసేవాడు. 'చూడు' అని అలవాటైన చెయ్యి 'సూడు' అని రాయడానికి మొరాయించేది. ఒక్కో చోట పాళీ ఆగిపోయేది. ఆ పన్నెండు పేజీల నకలుతో పాటు జగన్నాధం మద్రాసుకి ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు, ఆలస్యం ఎవరివల్ల జరిగిందో దాచకుండా. దానికి జవాబు రాలేదు. వాసుదేవరావుకి ఆ ఏడు తరవాత సినిమాలు కూడా రాలేదు. ఎల్లాజీ మద్రాసు చూడనే లేదు.

పత్రిక ఇంకో మూడు సంచికలు నడిచింది. జగన్నాధం బాగుపడ్డాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఎల్లాజీ చెప్పే వాక్యం మరీ బాగుంటే ఆయన కలం ఎత్తి పట్టుకుని, "ఇది ఎక్కడ విన్నావు?" అని అడిగేవాడు. ఎక్కడో విన్నాననే జవాబు కోసం ఆ ముఖం ఎంత ఆశగా చూసేదో నేను చూశాను.

"ఎక్కడా వినలేదు బాబూ. ఇప్పుడే వొచ్చినాది."

జగన్నాధం కాసేపు రోడ్డు వైపు చూసేవాడు. తరవాత పాళీ సిరాలో ముంచి, అతను చెప్పింది చెప్పినట్టు రాసేవాడు.